పిలుపు ఒక్కరిది కాదు, ఇద్దరిదీ
నాటాల్ వెళ్ళిన తెలుగు దంపతులు మన గని కుటుంబాలకు చెప్పే పాఠం



ఈమధ్య ఒక ఆదివారం దివ్యపూజ ముగిశాక మన విచారణకు చెందిన ఒక యువ దంపతులు నన్ను కలవడానికి వచ్చారు. అతడు గనిలో సర్వే పని నేర్చినవాడు. ఆమె నర్సు. వారికి నాలుగేళ్ళ పాప. అతనికి ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశం నుంచి ఉద్యోగం వచ్చిందట. ఆ దేశంలో జాంబెజి నది ఒడ్డున టెటె అనే పట్టణం ఉంది. దాని చుట్టుపక్కల పెద్ద బొగ్గుగనులున్నాయి. వాటిలో భారతీయ కంపెనీలవి కూడా ఉన్నాయి. మన గోదావరి ఒడ్డున బొగ్గు ఉన్నట్టే అక్కడ జాంబెజి ఒడ్డున బొగ్గు.

"ఫాదర్, రెండేండ్లే. అప్పు తీరుతది, పాప చదువుకు ఇంత మిగులుతది. పాస్‌పోర్టు మీద ఆశీర్వాదం ఇయ్యుండ్రి" అన్నాడతడు. ఆమె మాత్రం మాట్లాడలేదు. కాసేపటికి, "నన్ను కూడా తీసుకపొమ్మని చెప్పండి ఫాదర్. అక్కడ నర్సులకు పని ఉండదా? పేదలు ఉండరా?" అంది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకో మీ ముందు దాచకుండా చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఇలాగే ఒకాయన గల్ఫ్‌కు వెళుతూ ఆశీర్వాదం కోసం వచ్చాడు. నేను తల మీద చేయి ఉంచి ప్రార్థించి పంపించాను. "మీ ఆవిడ ఏమంటోంది నాయనా?" అని ఒక్క మాట అడగలేదు. ఆయన ఏళ్ళ తర్వాత డబ్బుతో తిరిగి వచ్చాడు. కాని భార్యకు ఆయన కొత్తవాడయ్యాడు, పిల్లలకు పరాయివాడయ్యాడు. మనిషి తిరిగి వచ్చాడు గాని ఇల్లు తిరిగి రాలేదు. ఆ తప్పులో నాకూ పాలుందని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే ఈ దంపతులను వారం రోజులు ఆగమన్నాను. ఆ వారంలో నాకు మాటిమాటికీ గుర్తుకొచ్చినవారు నూట ఇరవై ఏళ్ళ క్రితం ఆఫ్రికా వెళ్ళిన తెలుగు దంపతులు. వారి పేర్లు జాన్ రంగయ్య, కనకమ్మ. వారి కథ మన కుటుంబాలన్నీ తెలుసుకోదగినది.

కూలీల వెంట వెళ్ళిన విశ్వాసం

దక్షిణాఫ్రికా తూర్పు తీరాన ఉన్న నాటాల్ ఆనాడు బ్రిటిషువారి వలస రాజ్యం. అక్కడి చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చింది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో దర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు 1,52,000 మందికి పైగా భారతీయులు అక్కడికి వెళ్ళారు. వారిలో ఎక్కువ మంది మద్రాసు రాజధాని జిల్లాల తమిళులు, తెలుగువారు. అయిదేళ్ళ అగ్రిమెంటు మీద వేలిముద్ర వేసి వెళ్ళినవారు. మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. చెరకు తోటలకే గాక తేయాకు తోటలకు, రైల్వే పనికి, ఉత్తర నాటాల్ బొగ్గుగనులకు కూడా వారిని పంపేవారు. అంటే ప్రియ పాఠకులారా, మన ఖని ఇంకా ఊరు కాకముందే తెలుగు చేతులు ఆఫ్రికా బొగ్గును తవ్వాయన్నమాట.

ఆ కూలీలలో నెల్లూరు, ఒంగోలు వైపు క్రైస్తవులున్నారు. ఆ ప్రాంతంలో 1840 నుంచి అమెరికన్ బాప్తిస్టు మిషన్ పనిచేస్తూ వచ్చింది. 1876-78 నాటి ఘోరమైన కరువు తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువ మంది ఊరి చివర మాదిగ వాడల నుంచి వచ్చినవారు. ఆ విశ్వాసంలో పెరిగినవారు, వారి పిల్లలు కొందరు పొట్ట చేతపట్టుకుని ఓడలెక్కారు. దర్బన్‌కు ఉత్తరాన, ఇప్పుడు క్వాదుకుజా అని పిలిచే స్టాంగర్ పట్టణం దగ్గర, కియర్స్నీ అనే చోట హ్యూలెట్ అనే దొర తేయాకు తోట ఉండేది. అక్కడ తెలుగు బాప్తిస్టులు ఒకచోట చేరారు. పాస్టరు లేడు, గుడి లేదు. అయినా వారు ప్రార్థన మానలేదు. తమకొక కాపరిని పంపమని నెల్లూరికి కబురు పెట్టారు.

ఆ కబురుకు జవాబుగా వెళ్ళినవారే రంగయ్య, కనకమ్మ. 1903లో పిల్లలను వెంటబెట్టుకుని సముద్రం దాటారు. ఆ ఏడాది డిసెంబరు 27న కియర్స్నీలో మొదటి తెలుగు బాప్తిస్టు సంఘం ఏర్పడింది. అక్కడి నుంచి ఆయన తోటతోటకూ తిరిగారు. పన్నెండేళ్ళు శ్రమించి 1915 డిసెంబరులో ఆ దేశంలోనే కన్నుమూశారు. తరువాతి కాలంలో ఆయన కుమారుడు కూడా అక్కడే పాస్టరుగా సేవ చేశారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. వారిని పంపింది అమెరికా సంఘం కాదు. తెలుగు క్రైస్తవులే తమలో తాము ఏర్పరచుకున్న తెలుగు బాప్తిస్టు హోం మిషనరీ సొసైటీ పంపింది. వేదవ్యాపకులంటే తెల్లని అంగీతో ఇటలీ నుంచో ఫ్రాన్సు నుంచో వస్తారని మనకు అలవాటైంది. మనం కానుక పుచ్చుకునేవారమే గాని ఇచ్చేవారం కాదనే భావం మనలో ఇంకా పోలేదు. పేదలైన తెలుగు విశ్వాసులు, అదీ కరువు చూసినవారు, తమలో ఒక కుటుంబాన్ని ఆఫ్రికాకు పంపగలిగారు.

"వారు బాప్తిస్టులు కదా, మన పత్రికలో వారి కథ ఎందుకు ఫాదర్?" అని మీలో కొందరు అడగవచ్చు. రెండవ వాటికన్ మహాసభ 1964 నవంబరు 21న క్రైస్తవ ఐక్యత గురించి ఒక పత్రం వెలువరించింది. మన నుంచి విడిగా ఉన్న సహోదరులలో క్రీస్తు సంపద ఎక్కడ కనబడినా దానిని సంతోషంగా గుర్తించి గౌరవించడం కతోలికుల ధర్మమని అందులో శ్రీసభ నేర్పింది. పైగా ఆ నాటాల్ భారతీయుల మధ్య మనవారు కూడా పనిచేశారు. ఓబ్లేట్ సభకు చెందిన ఫ్రెంచి గురువు ఫాదర్ సబోన్ దర్బన్‌లో భారతీయ కూలీల కోసం చాలాకాలం పాటుపడ్డారు. కాని ఫాదర్ సబోన్ ఇవ్వలేనిది ఒకటి రంగయ్య, కనకమ్మ ఇవ్వగలిగారు. ఈ పాఠమంతా ఆ ఒక్కదాని గురించే.

గురువు ఇవ్వలేనిది

తోటల్లో కూలీల బతుకు ఎలా ఉండేదో ఊహించండి. నూరుగురు మగవారికి 40 మంది ఆడవారు ఉంటే చాలునని నియమం. ఆడదానికి మగవాని జీతంలో సగం. ఒకే వరుసలో కట్టిన ఇరుకు గదులు. అలాంటి చోట సంసారం నిలబడడం ఎంత కష్టం! తాగుడు, తగవులు, అనుమానాలు, ఆత్మహత్యలు ఆ తోటల చరిత్రలో నిండి ఉన్నాయి.

అయిదేళ్ళు గడిచాక కూడా ఊపిరాడనివ్వలేదు. 1895లో చేసిన చట్టం ప్రకారం అగ్రిమెంటు ముగిసినవాడు ఇంటికి తిరిగి వెళ్ళకుండా, మళ్ళీ అగ్రిమెంటు రాయకుండా అక్కడే ఉండాలంటే ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలి. తరువాత ఈ పన్నును 16 ఏళ్ళు నిండిన కొడుకుల మీద, 13 ఏళ్ళు నిండిన కూతుళ్ళ మీద కూడా వేశారు. భార్యాభర్తలు, ఎదిగిన ఇద్దరు పిల్లలు ఉన్న ఇల్లు ఏడాదికి 12 పౌండ్లు కట్టాలి. నెలకు 14 షిల్లింగులు సంపాదించేవాడికి ఏడాదంతా కలిపినా 9 పౌండ్లు రావు. కుటుంబంగా బతకడానికే పన్ను వేశారంటే తప్పు కాదు.

1913 మార్చిలో ఇంకొక దెబ్బ తగిలింది. క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్టరు కాని పెళ్ళిళ్ళు ఆ దేశ చట్టం ముందు చెల్లవని కేప్ సుప్రీం కోర్టులో న్యాయమూర్తి సర్ల్ తీర్పు చెప్పారు. ఒక్క కలంపోటుతో వేలాది హిందూ, ముస్లిం ఇల్లాళ్ళు చట్టం కంట భార్యలు కాకుండా పోయారు. గాంధీగారి సత్యాగ్రహంలోకి కస్తూర్బాతో పాటు స్త్రీలు దిగడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆ సత్యాగ్రహిణులు న్యూకాజిల్ పట్టణానికి వెళ్ళి మొదట పనిమానమని కోరింది ఎవరినో తెలుసా? బొగ్గుగని కార్మికులను. 1913 అక్టోబరులో గనులు ఆగాయి. నవంబరు 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు సరిహద్దు వైపు నడిచారు. 1914లో 3 పౌండ్ల పన్ను రద్దయింది. భారతీయుల వివాహాలకు గుర్తింపు వచ్చింది. సమ్మె అంటే జీతం కోసమని మాత్రమే ఎరిగిన మన గని సోదరులు గుర్తుంచుకోవాలి. ఇల్లు నిలబడడం కోసం కూడా గని కార్మికులు పని మానారు.

ఇటువంటి చోటికి ఒక కుటుంబం వచ్చింది. అగ్రిమెంటు కట్టు లేదు. ఎవరూ బలవంతపెట్టలేదు. భర్త, భార్య, పిల్లలు కలిసి ప్రార్థించే ఇల్లు ఒకటి ఆ తెలుగు కూలీల కళ్ళ ముందు నిలిచింది. నేను సెమినరీలో తత్త్వశాస్త్రం చదివినవాణ్ణి. కుటుంబం అంటే ఏమిటో నిర్వచనం చెప్పగలను, వివాహ సంస్కారం మీద గంటసేపు ప్రసంగించగలను. కాని రాత్రి షిఫ్టు నుంచి విసుగుతో వచ్చిన భర్తకు భార్య ఎలా జవాబిస్తుందో, తప్పు చేసిన భర్త పిల్లల ముందే ఎలా క్షమాపణ అడుగుతాడో బతికి చూపించలేను. అది దంపతులు మాత్రమే చెప్పగల ప్రసంగం. రంగయ్యగారి మాటలు గుడిలో వినిపించి ఉంటాయి. వారి సంసారం మాత్రం రోజంతా వినిపించి ఉంటుంది.

మన దగ్గరికి వచ్చిన దంపతులు

ఇదే కాలంలో ఇంకో దంపతులు ఎదురు దిక్కు నుంచి మన బొగ్గు సీమకే వచ్చారు. తిరునెల్వేలి తమిళుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. ఆమె ఆ రోజుల్లోనే కాలేజీ చదువు చదివిన యువతి. 1909లో ఆయన ఆంగ్లికన్ గురువుగా నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు. సింగరేణి బొగ్గు రైలు దారి చీలే జంక్షన్ అది. అప్పట్లో వారికి మన తెలుగు ప్రాంతం పరదేశమే. భాష వేరు, తిండి వేరు. అయినా ఆ దంపతులు తెలుగు నేర్చుకున్నారు. ఊళ్ళు తిరిగారు. దళిత వాడల్లో కూర్చున్నారు. 1912 డిసెంబరు 29న ఆయన ఆంగ్లికన్ సభలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే మరణించారు. మన తెలుగు దంపతులు ఆఫ్రికాకు ఇచ్చినదే ఈ తమిళ దంపతులు మనకు ఇచ్చారు. ఒకచోట పుచ్చుకున్నది మరొకచోట ఇవ్వాలి. శ్రీసభ పెరిగిన తీరే అది.

ఈ తీరు కొత్తది కాదు. అపోస్తలుల కార్యములు 18వ అధ్యాయం తీసి ఇంట్లో అందరూ కలిసి చదవండి. అక్విలా, ప్రిస్కిల్లా అనే భార్యాభర్తలు కనబడతారు. చక్రవర్తి ఆజ్ఞ వల్ల రోము విడిచి కొరింతుకు వచ్చిన వలస కుటుంబం వారిది. వృత్తి డేరాలు కుట్టడం. అదే వృత్తివాడైన పౌలుగారు వారి ఇంటనే ఉండి, వారితో కలిసి పనిచేశారు. తరువాత వారు ఎఫెసుకు వెళ్ళారు. అక్కడ అపొల్లో అనే పండితుణ్ణి తమ దగ్గరకు పిలిచి ప్రభువు మార్గాన్ని మరింత వివరంగా నేర్పారు. పౌలుగారి లేఖల్లో వారి ఇంట కూడే సంఘం గురించి చదువుతాం. గమనించండి, ఆ ఇద్దరి పేర్లు లేఖనాల్లో ఎప్పుడూ విడిగా రావు. ఒకరి పేరు వచ్చిన ప్రతిచోటా రెండవవారి పేరు ఉంది. వారు ఆశ్రమం పెట్టలేదు, ఆసుపత్రి కట్టలేదు. వృత్తి వృత్తిగానే ఉంది, తలుపు మాత్రం తెరిచి ఉంది.

అందుకే రెండవ వాటికన్ మహాసభ కుటుంబాన్ని గృహ శ్రీసభ అని పిలిచింది. రెండవ జాన్ పాల్ పోపుగారు 1981లో కుటుంబం గురించి రాసిన పత్రంలో క్రైస్తవ దంపతులకు సువార్త సేవలో వారిదైన పాత్ర ఉందని నొక్కి చెప్పారు. 2015 అక్టోబరు 18న ఫ్రాన్సిస్ పోపుగారు పునీత చిన్న తెరేజమ్మ తల్లిదండ్రులైన లూయీ, జెలీ మార్టిన్‌లను కలిపి ఒకే రోజు పునీతులుగా ప్రకటించారు. ఆయన గడియారాలు బాగుచేసేవాడు, ఆమె లేసు అల్లికల వ్యాపారం చేసింది. భార్యాభర్తలను జంటగా పునీతులుగా ప్రకటించడం అదే మొదటిసారి. సంసారం మోక్షానికి అడ్డు కాదు, దారి అని శ్రీసభ ఆ రోజు లోకానికి చూపింది.

నేను వారికి చెప్పిన మాటలు

వారం తర్వాత ఆ దంపతులు మళ్ళీ వచ్చారు. వారికి చెప్పినవే మీకూ చెబుతున్నాను.

మొదటిది: వెళితే కలిసి వెళ్ళండి. మొదటి కొన్ని నెలలు ఒకరే వెళ్ళక తప్పదు, కంపెనీ నియమాలు, వీసాలు మన చేతిలో లేవు. కాని కుటుంబాన్ని ఎప్పుడు తీసుకువెళతారో వెళ్ళేముందే ఇద్దరూ తేదీ అనుకోండి. కుటుంబానికి చోటే లేని ఉద్యోగమైతే జీతం ఎంతైనా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. గతిలేక ఒంటరిగా వెళ్ళిన సోదరులను నేను తప్పుపట్టడం లేదు. వారి కష్టం దేవునికి తెలుసు. వారి ఇళ్ళకు తోడుండే బాధ్యత విచారణగా మనందరిదీ.

రెండవది: అక్కడి భాష నేర్చుకోండి. మొజాంబిక్‌లో అధికార భాష పోర్చుగీసు. ఊళ్ళలో వారి వారి భాషలు వేరు. అజరయ్య దంపతులు మన తెలుగు నేర్చుకోకపోతే మన వాడల్లో ఎవరు వారిని నమ్మేవారు?

మూడవది కాస్త కటువుగా ఉంటుంది, మన్నించండి. మనవారు ఆఫ్రికా వెళ్ళి అక్కడివారి నల్లని రంగును చూసి చులకనగా మాట్లాడడం నేను విన్నాను. కులం పేరుతో ఊరి చివర నిలబెట్టిన బాధ తెలిసిన మనమే మరొకరిని తక్కువగా చూస్తే, మన జ్ఞానస్నానానికి అర్థమేమిటి? చేయి పైన పెట్టి ఇచ్చేది దానం మాత్రమే, పక్కన కూర్చుని పంచుకునేది ప్రేమ. ముందు పొరుగువారు కండి, తర్వాతే దాతలు కండి. అక్కడి కతోలిక విచారణ ఎక్కడుందో వెతుక్కుని, మొదటి ఆదివారమే వెనుక బల్ల మీద కూర్చోండి. ఏం చేయాలో వారినే అడగండి. జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లికి నర్సు ఇల్లు ఏది అని ఎవరైనా చూపిస్తే చాలు, మీ సేవ మొదలైనట్టే.

అతడు చాలాసేపు తల వంచుకుని ఉన్నాడు. తరువాత భార్య వైపు తిరిగి, "ముందు నేను పోయి ఇల్లు చూస్త. ఆరు నెలలల్ల మీరు వస్తరు. రాకుంటే నేనే తిరిగొస్త" అన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది. అప్పుడు నేను పాస్‌పోర్టు మీద కాదు, ఆ ముగ్గురి తలల మీద చేయి ఉంచి ఆశీర్వదించాను.

మన వాకిట్లోనే ఆఫ్రికా

అందరూ ఓడలు, విమానాలు ఎక్కనవసరం లేదు. మన ఓపెన్‌కాస్టులలో మట్టి తీసే కాంట్రాక్టు పనులకు ఉత్తరాది రాష్ట్రాల నుంచి ఎందరో యువకులు వస్తున్నారు. అద్దె గదుల్లో ఆరుగురు, ఏడుగురు కలిసి ఉంటారు. మన భాష రాదు. జ్వరం వస్తే ఏ ఆసుపత్రికి పోవాలో తెలియదు. ఆనాడు కియర్స్నీ తోటలో మనవారు ఎలా ఉన్నారో ఈనాడు వారు మన మధ్య అలా ఉన్నారు. మన తాతలు కూడా ఎక్కడెక్కడి నుంచో బాయి పనికి వచ్చి ఇక్కడ స్థిరపడినవారేనని మరచిపోవద్దు. క్వార్టరు చిన్నదే కావచ్చు. పండుగనాడు ఇద్దరిని భోజనానికి పిలవడానికి చోటు సరిపోతుంది.

అక్టోబరులో వేదవ్యాపక ఆదివారం వస్తుంది. మనం కవరులో కానుక వేసి తృప్తిపడతాం. కానుక మంచిదే. కాని ఈసారి భార్యాభర్తలు కలిసి ఒక ప్రశ్న వేసుకోండి: దేవుడు మమ్మల్ని ఇద్దరినీ కలిపి దేనికి పిలిచాడు?

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఆలోచించవలసినవి

1. మన ఇంట్లో పెద్ద నిర్ణయాలు భార్యాభర్తలు కలిసి ప్రార్థించి తీసుకుంటున్నారా, లేక ఒకరు చెప్పి మరొకరు వింటున్నారా?

2. మన కాలనీలో పరాయి ఊరి నుంచి పనికి వచ్చిన ఒక్కరి పేరైనా మనకు తెలుసా?

3. దూరదేశంలో ఉన్నవారి కుటుంబం మన వీధిలో ఉంటే ఈ నెలలో ఒక్కసారైనా వారి ఇంటికి వెళ్ళామా?

జపమాల ముగించేముందు టెటెకు వెళుతున్న ఆ చిన్న కుటుంబం కోసం, నాటాల్ నేలలో నిద్రిస్తున్న మన తెలుగు కూలీలందరి ఆత్మల కోసం ఒక్క పరలోక జపం చెప్పండి.

ప్రభువు మీ ఇళ్ళను దీవించి, మీ తలుపులను తెరచి ఉంచునుగాక.